వాల్వు జబ్బు వెనుక పుట్టుక లోపం: అరుదైన గుండె నిర్మాణాలు కవాటాలను ఎలా దెబ్బతీస్తాయి

ఎకో పరీక్ష నివేదికలో "మైట్రల్ కవాటం తీవ్రంగా లీకవుతోంది" అని ఒక వాక్యం కనబడితే, చదివినవారి దృష్టి సహజంగానే ఆ కవాటం మీద నిలిచిపోతుంది. దాన్ని సరిచేయవచ్చా, మార్చాలా, మార్చాల్సి వస్తే లోహపు వాల్వు పెట్టాలా, జంతు కణజాలంతో చేసిన వాల్వు పెట్టాలా అనే ప్రశ్నలు వెంటనే మొదలవుతాయి. వీటన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ కవాటం ఎందుకు లీకవుతోంది? వయసు పైబడినవారిలో అరుగుదల వల్ల, సున్నం పేరుకోవడం వల్ల కవాటాలు చెడిపోతాయి. చిన్నతనంలో రుమాటిక్ జ్వరం వచ్చినవారిలో ఆ జ్వరం మిగిల్చిన మచ్చల వల్ల చెడిపోతాయి. ఈ రెండు కారణాలూ పొసగని చోట, ముఖ్యంగా రోగి పసిబిడ్డో పాతికేళ్ల మనిషో అయినప్పుడు, జవాబు తరచు ఆ కవాటం పుట్టిన తీరులోనో దాని చుట్టూ ఉన్న నిర్మాణంలోనో దొరుకుతుంది.

పుట్టే ప్రతి వెయ్యి మంది శిశువుల్లో సుమారు 8 నుంచి 9 మందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. వీటిలో గదుల మధ్య గోడల్లో ఉండే రంధ్రాల గురించి సామాన్య పాఠకులకూ కొంత తెలుసు. మిగిలినవాటిలో కొన్ని లక్షల్లో ఒకరికి మాత్రమే కనిపించేంత అరుదైనవి. అంత అరుదైన జబ్బుల గురించి ఇంత చర్చ అవసరమా అన్న సందేహం రావచ్చు. అవసరమే. ఈ లోపాల్లో చాలా వాటికి తమ అసలు పేరుతో బయటపడే అవకాశం తక్కువ. అవి వాల్వు జబ్బు అనే పేరుతోనే వైద్యుడి ముందుకు వస్తాయి. ఆ పేరు దగ్గరే ఆగిపోయి చికిత్స చేస్తే కవాటం బాగుపడదు, లేదా కొన్నాళ్లు బాగుండి మళ్లీ చెడిపోతుంది.

గుండె రోజుకు దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ నాలుగు కవాటాలు తెరుచుకుని మూసుకుంటాయి. గుండె కింది గదులైన జఠరికల నుంచి రక్తం బయటికి వెళ్లే దారిలో ఉన్న బృహద్ధమని (శరీరానికి రక్తం తీసుకెళ్లేది) కవాటానికీ పుపుస ధమని (ఊపిరితిత్తులకు తీసుకెళ్లేది) కవాటానికీ మూడేసి రేకులుంటాయి. అర్ధచంద్రాకారంలో ఉండే ఆ రేకులకు తాళ్ల ఆసరా ఏమీ ఉండదు. ఒకదాని అంచు మరొకదాని అంచుకు సరిగ్గా ఆనడమే వాటి బలం. పై గదులైన కర్ణికలకూ జఠరికలకూ మధ్య, ఎడమ వైపు ఉన్న మైట్రల్, కుడి వైపు ఉన్న ట్రైకస్పిడ్ కవాటాల సంగతి వేరు. అక్కడ రేకులు ఒక వలయం నుంచి మొలుస్తాయి, వాటి అంచులను సన్నని తంతువులు కిందికి పట్టి ఉంచుతాయి, ఆ తంతువులు కండర స్తంభాలకు అతుక్కుని ఉంటాయి, ఆ స్తంభాలు జఠరిక గోడ నుంచి లేస్తాయి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా కవాటం పనిచేయదు. కవాటాన్ని తలుపుతో పోల్చడం వాడుకే అయినా, ఈ రెండు కవాటాలకు తెరచాప పోలికే బాగా కుదురుతుంది: గుడ్డ చెక్కుచెదరకుండా ఉన్నా, తాడు తెగితేనో స్తంభం ఒరిగితేనో చాప గాలిని పట్టలేదు.

ఈ నిర్మాణమంతా గర్భంలో చాలా తొందరగా, కొద్ది వారాల్లోనే రూపు దిద్దుకుంటుంది. సుమారు 22వ రోజున పిండంలో గుండె గొట్టం కొట్టుకోవడం మొదలుపెడుతుంది; అప్పటికి అందులో కవాటాలు లేవు. నాలుగైదు వారాలకు ఆ గొట్టం లోపలి గోడ కొన్ని చోట్ల మెత్తని దిండ్లలా ఉబ్బుతుంది. లోపలి పొరలోని కణాలు కొన్ని తమ స్వభావాన్ని మార్చుకుని ఆ దిండ్లలోకి చేరతాయి, అవే క్రమంగా పలచబడి రేకులవుతాయి. గదుల మధ్య గోడల నిర్మాణంలోనూ ఈ దిండ్లకు భాగముంది. ఒకే ముడిసరుకుతో గోడా కవాటమూ తయారవుతాయి కాబట్టి, ఒకదానిలో లోపం ఉన్నచోట రెండోదానిలోనూ ఉండడం తరచు జరుగుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న శిశువుల్లో ఎక్కువగా కనిపించే లోపం దీనికి స్పష్టమైన నిదర్శనం: గుండె నడిమధ్యన గోడ పూర్తిగా కలవదు, అదే చోట ఎడమ వైపు కవాటపు రేకులో ఒక చీలిక మిగిలిపోతుంది. రంధ్రాన్ని ఎంత చక్కగా మూసినా, ఆ చీలికను కుట్టకుండా వదిలినా, కుట్టిన కుట్టు నిలవకపోయినా, కొన్నేళ్లకు ఆ పిల్లలకు లీకు కోసం మళ్లీ శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

రక్త ప్రవాహానికి కూడా ఈ నిర్మాణంలో పాత్ర ఉంది. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో, జీబ్రా చేప పిండాల గుండెలోకి రక్తం వచ్చే దారిని గానీ బయటికి పోయే దారిని గానీ అతి చిన్న గాజు పూసతో మూసివేస్తే ఆ గుండెలో కవాటాలు సరిగ్గా ఏర్పడలేదని తేలింది. అంటే రక్తం పారే తీరు కవాటాన్ని మలుస్తుంది, ఆ కవాటం మళ్లీ రక్తం పారే తీరును నిర్ణయిస్తుంది. పుట్టిన తరువాత కూడా ఈ పరస్పర ప్రభావం ఆగదు. అరుదైన లోపాలు కవాటాలను దెబ్బతీసే విధానం అర్థం కావాలంటే ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

రేకుల సంఖ్యలోనే తేడా ఉన్న లోపాలతో మొదలుపెట్టడం సులువు. బృహద్ధమని కవాటానికి మూడు రేకులకు బదులు రెండే ఉండడం అరుదు కాదు. జనాభాలో సుమారు 1 నుంచి 2 శాతం మందిలో, స్త్రీలకంటే పురుషుల్లో ఎక్కువగా, ఇది కనిపిస్తుంది. ఒకే రేకు ఉండడం మాత్రం నిజంగా అరుదు. పదివేల మందిలో ఇద్దరికి మించి ఉండదని అంచనా. ఒకే రేకున్న కవాటం తెరుచుకున్నప్పుడు కన్నీటి చుక్క ఆకారంలో ఒక పక్కకు ఒరిగిన చిన్న సందు మాత్రమే ఏర్పడుతుంది. ఆ సందులోంచి రక్తం ధారగా చిమ్ముతుంది, రేకు మీద ఒత్తిడి పెరుగుతుంది, మచ్చ కడుతుంది, సున్నం చేరుతుంది. మూడు రేకులున్నవారిలో బృహద్ధమని కవాటం ఇరుకు కావడం ఎక్కువగా 70, 80 ఏళ్ల వయసులో బాధపెడుతుంది. రెండు రేకులున్నవారిలో 50, 60 ఏళ్లకే ఆ స్థితి వస్తుంది. ఒకే రేకున్నవారిలో అది 20ల్లో, 30ల్లోనే రావచ్చు, కొందరు శిశువుల్లో పుట్టిన వెంటనే ప్రాణాపాయంగా మారవచ్చు. ముప్పై ఏళ్ల మనిషి మెట్లెక్కుతూ స్పృహ తప్పి పడిపోతే, కవాటంలో సున్నం ముద్దలా పేరుకుని ఉంటే, రేకులు ఎన్ని అని లెక్కపెట్టడం మొదటి పని. సున్నం బాగా పట్టిన తరువాత ఆ లెక్క కష్టమవుతుంది. ఛాతీ మీద నుంచి చేసే ఎకోలో రెండు రేకులుగా కనిపించినది శస్త్రచికిత్సలో ఒకే రేకుగా తేలడం వింతేమీ కాదు.

నాలుగు రేకుల కవాటం మరో రకం ఇబ్బంది తెస్తుంది. 1862 నుంచే వైద్య గ్రంథాల్లో దీని ప్రస్తావన ఉన్నా, ఎకో రాకముందు ఇది శవపరీక్షలోనో శస్త్రచికిత్సలోనో అనుకోకుండా కంటబడేది. రేకుల పరిమాణాల్లో తేడాలను బట్టి 1973లో హర్విట్జ్, రాబర్ట్స్ దీన్ని ఏడు రకాలుగా వర్గీకరించారు. నాలుగు అంచులు మధ్యలో ఒకచోట పూర్తిగా కలవడం కష్టం కాబట్టి, నడుమ చిన్న చదరం లాంటి సందు మిగులుతుంది. దాంతో ఇక్కడ ఇరుకుదనం కంటే లీకు ముఖ్యమైన సమస్య అవుతుంది. ఈ కవాటం ఉన్న కొందరిలో గుండెకు రక్తమిచ్చే కరొనరీ ధమనులు మొదలయ్యే చోటు కూడా స్థానం తప్పి ఉంటుంది. శస్త్రచికిత్స నిపుణుడికి ఆ సంగతి ముందే తెలియాలి. తెలియకపోతే కొత్త వాల్వు అంచు ఆ ధమని నోటికి అడ్డంగా కూర్చునే ప్రమాదముంది.

పైవన్నీ కవాటం తానే లోపంతో పుట్టిన సందర్భాలు. కవాటం ఆరోగ్యంగానే పుట్టి, పొరుగున ఉన్న లోపం వల్ల కళ్లముందే చెడిపోయే సందర్భాలను గుర్తించడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే వాటిలో సకాలంలో జోక్యం చేసుకుంటే కవాటాన్ని నిలబెట్టుకోవచ్చు.

జఠరికల మధ్య గోడలో రంధ్రం సాధారణమైన లోపమే. కానీ ఆ రంధ్రం పుపుస, బృహద్ధమని కవాటాలకు సరిగ్గా కింద ఉండే రకం తక్కువమందిలో కనిపిస్తుంది. తూర్పు ఆసియా జనాభాల్లో దీని వాటా ఎక్కువ. ఈ రంధ్రంలోంచి రక్తం వేగంగా దూసుకుపోయేటప్పుడు, వేగంగా పారే ద్రవం పక్కనున్నదాన్ని తనవైపు లాక్కుంటుందనే భౌతిక సూత్రం ప్రకారం, పైన ఆసరా లేకుండా వేలాడుతున్న బృహద్ధమని కవాటపు రేకు రంధ్రం వైపు జారుతుంది. ఇలా రంధ్రమూ బృహద్ధమని లీకూ జంటగా రావడాన్ని 1921లో లోబ్రీ, పెజ్జీ అనే వైద్యులు వివరించారు. ఇందులో మోసపోవడానికి అవకాశమున్న ఘట్టం ఒకటుంది. జారిన రేకు రంధ్రంలోకి దిగి దాన్ని కొంతవరకు మూసేస్తుంది. రంధ్రంలోంచి పోయే రక్తం తగ్గుతుంది, ఊపిరితిత్తులపై భారం తగ్గుతుంది, బిడ్డ బరువు పెరుగుతాడు. "రంధ్రం దానంతటదే చిన్నదవుతోంది" అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సరిగ్గా ఆ నెలల్లోనే రేకు సాగిపోతూ ఉంటుంది, రక్తం బృహద్ధమని నుంచి వెనక్కి కారడం మొదలవుతుంది. స్టెతస్కోపు పెట్టి వినే చెవికి, గుండె సంకోచించే సమయంలో మాత్రమే వినబడే పాత మర్మర్ (గుండెలో వినబడే అదనపు శబ్దం) పక్కన, సడలే సమయంలో సన్నగా ఊదినట్లుండే కొత్త శబ్దం వినబడుతుంది. చిన్న రంధ్రమైతే శస్త్రచికిత్స అక్కర్లేదనే సాధారణ నియమం ఈ చోట ఉన్న రంధ్రానికి వర్తించకపోవడానికి కారణం ఇదే. ఇక్కడ రంధ్రం పరిమాణం కంటే అది ఉన్న స్థానం ముఖ్యం. లీకు తక్కువగా ఉన్నప్పుడే రంధ్రం మూస్తే చాలామందిలో రేకు మళ్లీ ఆసరా పొందుతుంది. ఆలస్యమైతే రేకును కత్తిరించి సరిచేయడమో, చిన్న వయసులోనే వాల్వు మార్చడమో తప్పదు.

బృహద్ధమని కవాటానికి కింద పలచని పొర అడ్డంగా ఏర్పడే జబ్బుదీ ఇదే తీరు. పొర కట్టిన సందులోంచి వెలువడే రక్తపు ధార పైనున్న ఆరోగ్యమైన రేకులకు నిరంతరం తగులుతూ వాటిని మందంగా, బిరుసుగా చేస్తుంది. ఎకోలో రక్తం వేగం పెరిగినట్లు కనిపిస్తుంది కాబట్టి దీన్ని కవాటం ఇరుకుదనంగా పొరబడడం సులభం. ఆ వేగం సరిగ్గా ఏ బిందువు దగ్గర పెరుగుతోందో, కవాటం దగ్గరా దాని కిందనా, జాగ్రత్తగా చూసినవారికే తేడా తెలుస్తుంది. పొరను తీసేసినా కొందరిలో అది మళ్లీ పెరుగుతుంది, అందుచేత దీర్ఘకాలం పరీక్షలు కొనసాగించాలి.

మైట్రల్ కవాటం దగ్గరికి వస్తే అరుదైన లోపాల రకాలు ఎక్కువ. సాధారణంగా రెండు కండర స్తంభాలకు పంచుకుని ఉండవలసిన తంతువులన్నీ ఒకే స్తంభానికి చేరితే, కవాటం గొడుగులా ఒకే చోటికి ముడుచుకుపోయి పారాచూట్ ఆకారం తీసుకుంటుంది, రక్తం తంతువుల సందుల్లోంచి మాత్రమే కిందికి దిగవలసి వస్తుంది. 1963లో షోన్, ఆయన సహచరులు ఈ పారాచూట్ కవాటంతో పాటు, దాని పైన ఉండే వలయం, బృహద్ధమని కవాటం కింద అడ్డు, బృహద్ధమని సన్నబడడం అనే మూడింటినీ ఒక కూటమిగా గుర్తించారు. నాలుగూ ఒకరిలో ఉండనక్కర్లేదు. ఒకటి కనిపిస్తే మిగిలిన మూడింటిని వెతకాలి, ఎందుకంటే ఎడమ గుండెలో వరుసగా అడ్డంకులున్నప్పుడు ముందున్నది వెనకున్నదాన్ని కప్పిపుచ్చుతుంది: మైట్రల్ దగ్గరే రక్తం ఆగిపోతే, దాని తరువాత ఉన్న ఇరుకు దగ్గర ఒత్తిడి తేడా ఉండవలసినంతగా కనిపించదు. ఒకే మైట్రల్ వలయంలో రెండు నోళ్లు ఉండే కవాటాన్ని 1876లో గ్రీన్‌ఫీల్డ్ వర్ణించాడు. అది కొందరిలో జీవితాంతం ఏ బాధా పెట్టదు.

వీటన్నిటిలో వివరంగా చెప్పుకోదగినది, కవాటంతో ఏ సంబంధమూ లేనట్లు కనిపించే ఒక ధమని లోపం. ఎడమ కరొనరీ ధమని బృహద్ధమని నుంచి కాకుండా పుపుస ధమని నుంచి మొలిచే ఈ స్థితి సుమారు 3 లక్షల జననాల్లో ఒకరికి వస్తుంది. 1933లో బ్లాండ్, వైట్, గార్లాండ్ అనే వైద్యులు దీన్ని వివరంగా నమోదు చేశారు. గర్భంలో పుపుస ధమనిలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి శిశువుకు ఇబ్బంది ఉండదు. పుట్టిన మొదటి రోజుల్లోనూ ఉండదు. వారాలు గడిచేకొద్దీ ఊపిరితిత్తుల ఒత్తిడి సహజంగా తగ్గుతుంది. అప్పుడు గుండె కండరానికి అందవలసిన రక్తం వెనక్కి తిరిగి పుపుస ధమనిలోకి జారిపోతుంది, ఎడమ జఠరిక కండరం ఆకలితో అలమటిస్తుంది. రెండు మూడు నెలల బిడ్డ పాలు తాగుతూ మధ్యలో ఆపి ఏడుస్తుంది, నుదుటి మీద చెమట పడుతుంది, పాలిపోతుంది, కాసేపటికి తేరుకుంటుంది. చూసేవారికి కడుపునొప్పిలా కనిపించే ఆ ఏడుపు నిజానికి గుండెనొప్పి. రక్తం చాలక మొదట దెబ్బతినే భాగాల్లో కండర స్తంభాలు ముఖ్యమైనవి. స్తంభం బలహీనపడగానే తంతువులు వదులవుతాయి, రేకులు కలవవు, మైట్రల్ కవాటం లీకవుతుంది. గుండె పెద్దదై వలయం సాగడంతో లీకు ఇంకా పెరుగుతుంది.

చికిత్స లేకపోతే ఈ శిశువుల్లో అత్యధికులు మొదటి సంవత్సరం దాటరు. కుడి కరొనరీ నుంచి పక్కదారులు బాగా ఏర్పడిన కొద్దిమంది పెద్దవారవుతారు, వారిలో కొందరు మైట్రల్ లీకు రోగులుగానే ఆసుపత్రికి వస్తారు. ఇలాంటి రోగికి కవాటం మాత్రమే మార్చి పంపితే జబ్బుకు మూలం అలాగే ఉండిపోతుంది. ఎడమ కరొనరీని బృహద్ధమనికి తిరిగి అతికిస్తే కండరం కోలుకుంటుంది, చాలామంది శిశువుల్లో కవాటాన్ని ముట్టుకోకుండానే లీకు తగ్గుతుంది. కాబట్టి కారణం తెలియని మైట్రల్ లీకుతో, గుండె పెద్దదై వచ్చిన ప్రతి శిశువులోనూ ఎడమ కరొనరీ ఎక్కడ మొదలవుతోందో కంటితో చూసి నిర్ధారించేవరకు పరీక్ష పూర్తయినట్లు భావించకూడదు. ఎకోలో ఆనవాళ్లు ఉంటాయి: కండర స్తంభాలు మామూలు కంటే తెల్లగా మెరుస్తాయి, కుడి కరొనరీ ఉబ్బి ఉంటుంది, రక్తం పారే దిశను రంగుల్లో చూపే డాప్లర్‌ పరీక్షలో ఎడమ కరొనరీలో రక్తం తిరుగుదిశలో పారుతూ కనిపిస్తుంది, పుపుస ధమనిలో ఉండకూడని చోట ఒక చిన్న ధార వెలుగుతుంది. వెతికే చూపు ఉంటే చాలు, ఇవి దొరుకుతాయి.

కవాటం బాగానే ఉండి, జబ్బు మాత్రం కవాటానిదిలా కనిపించే సందర్భమూ ఉంది. ఎడమ కర్ణికను ఒక పొర రెండుగా విడదీసి, గుండెకు మూడు కర్ణికలున్నట్లు చేసే లోపాన్ని 1868లో చర్చ్ అనే వైద్యుడు వర్ణించాడు. రోగికి మైట్రల్ ఇరుకుదనంలో వచ్చే ఆయాసమే వస్తుంది. మైట్రల్ రేకులు మాత్రం ఆరోగ్యంగా తెరుచుకుంటూ ఉంటాయి. పొరను కత్తిరించి తీసేస్తే జబ్బు పోతుంది.

కుడి వైపు కవాటాల్లో ఎబ్‌స్టైన్ లోపం ప్రసిద్ధమైనది. 1866లో బ్రెస్లావ్‌లో విల్హెల్మ్ ఎబ్‌స్టైన్ అనే వైద్యుడు, ఆయాసంతో, గుండెదడతో వచ్చి మరణించిన 19 ఏళ్ల కార్మికుడి గుండెను పరీక్షించి ఈ లోపాన్ని వర్ణించాడు. పిండంలో ట్రైకస్పిడ్ రేకులు జఠరిక కండరం నుంచి ఒలిచినట్లుగా విడిపోయి స్వేచ్ఛగా కదలాలి. ఆ విడిపోవడం సరిగ్గా జరగకపోతే రేకులు గోడకే అంటుకుని ఉండిపోతాయి, కవాటం మూసుకునే చోటు వలయం దగ్గర కాకుండా జఠరిక లోపలికి దిగిపోతుంది. మైట్రల్ రేకుతో పోల్చినప్పుడు గోడ వైపు ట్రైకస్పిడ్ రేకు, శరీర ఉపరితలపు ప్రతి చదరపు మీటరుకు 8 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ కిందికి ఉంటే ఎకోలో ఈ లోపాన్ని నిర్ధారిస్తారు. కవాటం కిందికి జరగడంతో కుడి జఠరికలో కొంత భాగం కర్ణికలో కలిసిపోయినట్లవుతుంది. రక్తాన్ని ముందుకు నెట్టే గది చిన్నదవుతుంది, వెనక్కి లీకయ్యే రక్తంతో కర్ణిక ఉబ్బుతుంది. కర్ణికల మధ్య రంధ్రం కూడా ఉంటే, చాలామందిలో ఉంటుంది, చెడు రక్తం ఎడమ వైపుకు దాటి పెదవులు, గోళ్లు నీలమవుతాయి. గుండెలో అదనపు విద్యుత్ మార్గాలు ఉండడం ఈ రోగుల్లో సామాన్యం. దానివల్ల అకస్మాత్తుగా గుండె విపరీతమైన వేగంతో కొట్టుకునే దాడులు వస్తాయి, కొందరిలో జబ్బు మొదట బయటపడేది ఆ దడతోనే.

ఈ లోపానికి చికిత్స మారిన తీరు, కవాటం గురించిన ఆలోచన మారిన తీరును చూపిస్తుంది. ఒకప్పుడు కృత్రిమ వాల్వు పెట్టడం లేదా ఉన్న ఒక్క పెద్ద రేకుతోనే సర్దుకునేలా కుట్టడం జరిగేది. 1993 నుంచి బ్రెజిల్ శస్త్రవైద్యుడు జోసే పెడ్రో డ సిల్వా వేరే దారి పట్టాడు. గోడకు అంటుకున్న రేకులను జాగ్రత్తగా ఒలిచి విడదీసి, వాటిని చుట్టూ తిప్పి శంకువు ఆకారంలో కుట్టి, అసలు ఉండవలసిన వలయం దగ్గరికి చేర్చాడు. గర్భంలో పూర్తికాని పనిని శస్త్రచికిత్స బల్ల మీద పూర్తి చేయడమే ఇది. రోగి సొంత కణజాలమే కాబట్టి పిల్లలతో పాటు అదీ పెరుగుతుంది, జీవితాంతం రక్తం పలచబరిచే మందు వాడనక్కర్లేదు. గర్భధారణ తొలి నెలల్లో మానసిక జబ్బుకు లిథియం అనే మందు వాడిన తల్లుల బిడ్డలకు ఈ లోపం వస్తుందని 1970ల్లో చాలా భయం ఉండేది. తరువాతి పరిశోధనల్లో ఆ ప్రమాదం అప్పుడు అనుకున్నదానికంటే ఎంతో తక్కువని తేలింది. మానసిక వైద్యుణ్ణి అడగకుండా ఆ మందు ఆపేయడం తల్లికే ప్రమాదకరం కాబట్టి ఈ సంగతి చెప్పవలసి వచ్చింది.

ట్రైకస్పిడ్ కవాటమే తన స్థాయికి మించిన భారం మోయవలసి వచ్చే మరో అరుదైన స్థితి ఉంది. 1875లో రోకిటాన్‌స్కీ వర్ణించిన ఆ లోపంలో జఠరికలు రెండూ తారుమారై ఉంటాయి, వాటి నుంచి బయలుదేరే పెద్ద ధమనులూ తారుమారై ఉంటాయి. రెండు పొరపాట్లు ఒకదాన్నొకటి సరిదిద్దుకోవడంతో రక్తం చేరవలసిన చోటికే చేరుతుంది, శిశువు నీలం కాదు. కానీ ఊపిరితిత్తులకు మాత్రమే రక్తం పంపడానికి తయారైన కుడి జఠరిక శరీరమంతటికీ పంపే పని చేస్తుంది, దానితో వచ్చిన ట్రైకస్పిడ్ కవాటం మైట్రల్ తట్టుకోవలసిన ఒత్తిడిని తట్టుకోవలసి వస్తుంది. ఇరవై, ముప్పై ఏళ్లు గడిచాక ఆ కవాటం లీకవడం మొదలవుతుంది. ఎడమ వైపు కనబడింది కాబట్టి దాన్ని "మైట్రల్ లీకు" అని రాయడం తరచు జరిగే పొరపాటు. లీకు వల్ల జఠరిక అలసిందా, జఠరిక అలసినందువల్ల లీకు వచ్చిందా అన్నది ఇక్కడ కీలకం. జఠరిక పూర్తిగా నీరసించాక కవాటం మార్చినా పెద్దగా ప్రయోజనం కనిపించదు, అందుచేత దాని సత్తువ తగ్గిపోకముందే నిర్ణయం తీసుకోవాలి. ఈ రోగుల్లో ఏటా సుమారు 2 శాతం మందికి గుండె విద్యుత్ ప్రసారం పూర్తిగా ఆగిపోయే ప్రమాదం కూడా ఉండడంతో, ఈసీజీ పరీక్షలు మానకూడదు.

పుపుస కవాటం అసలు ఏర్పడకపోవడం అరుదైన లోపాల్లో ఒకటి. కవాటం ఉండవలసిన చోట కండరపు గట్టు మాత్రమే ఉంటుంది. రక్తం ముందుకూ వెనక్కూ ఊగుతూ పుపుస ధమనులను బెలూన్లలా ఉబ్బిస్తుంది, అవి శ్వాసనాళాలను నొక్కుతాయి. అలాంటి శిశువును బోర్లా పడుకోబెడితే ఊపిరి తేలికవుతుంది; ఉబ్బిన ధమనుల బరువు శ్వాసనాళాల మీద నుంచి తప్పుకోవడమే కారణం.

దీనికి దగ్గరి బంధువైన ఫాలో చతుష్కం (నాలుగు గుండె లోపాలు కలిసి ఉండే జబ్బు) అంత అరుదు కాకపోయినా, చికిత్సే కవాట వ్యాధికి కారణమయ్యే తీరును అది చూపిస్తుంది. చిన్నతనంలో ఇరుకైన పుపుస కవాటాన్ని తెరిచి, దారి వెడల్పు చేయడానికి అతుకు వేస్తారు. ప్రాణం నిలబడుతుంది, బిడ్డ బడికి వెళతాడు, ఆడుకుంటాడు. ఆ తరువాత రెండు మూడు దశాబ్దాల పాటు పుపుస కవాటం లీకవుతూనే ఉంటుంది, బాధ తెలియకుండానే కుడి జఠరిక సాగిపోతుంది. బాధ లేదు కాబట్టి పరీక్షలు మానేసినవారే ఎక్కువగా ఆలస్యంగా వస్తారు. 2000లో ఫిలిప్ బోన్‌హోఫర్ తొడ రక్తనాళం గుండా గొట్టం పంపి, ఛాతీ తెరవకుండానే పుపుస కవాటాన్ని అమర్చినప్పటి నుంచి ఈ రోగుల పరిస్థితి చాలా మెరుగైంది.

పుట్టుక లోపమున్న కవాటానికి మరో శత్రువు సూక్ష్మక్రిములు. రెండు రేకుల బృహద్ధమని కవాటం మీద ఇన్ఫెక్షన్ సులభంగా స్థిరపడుతుందని విలియం ఆస్లర్ 1886లోనే గమనించాడు. రక్తపు ధార తగిలి గరుకైన చోట క్రిములు చేరి గూడు కట్టుకుంటాయి. దంతవైద్యానికి ముందు ఇలాంటి కవాట లోపాలున్న చాలామందికి యాంటీబయాటిక్ ఇవ్వాలనే పాత పద్ధతిని 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సవరించి, కృత్రిమ వాల్వు ఉన్నవారు, గతంలో ఈ ఇన్ఫెక్షన్ వచ్చినవారు, సరిచేయని నీలి గుండె జబ్బు ఉన్నవారు వంటి అధిక ప్రమాదమున్న వర్గాలకే పరిమితం చేసింది. పళ్లు, చిగుళ్లు రోజూ శుభ్రంగా ఉంచుకోవడం మాత్రం అందరికీ వర్తిస్తుంది. వారాల తరబడి కారణం తెలియని జ్వరం వస్తే, రక్తాన్ని కల్చర్ పరీక్షకు పంపిన తరువాతే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ముందే మందు పడితే క్రిమి దొరకదు.

ఈ లోపాలు కొన్ని కుటుంబాల్లో కొనసాగుతాయి. నాచ్1 అనే జన్యువులో మార్పులు బృహద్ధమని కవాట లోపాలకూ, ఆ తరువాత సున్నం పేరుకోవడానికీ దారితీస్తాయని 2005లో వెల్లడైంది. పుట్టుకకు ముందు రేకును తీర్చిదిద్దే జన్యువే తరువాతి జీవితంలో దాన్ని సున్నం నుంచి కాపాడుతోందని దీన్నిబట్టి అర్థమవుతుంది. రెండు రేకుల కవాటం ఉన్న వ్యక్తి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో సుమారు పది మందిలో ఒకరికి అదే లోపం ఉండవచ్చు కాబట్టి, వారికి ఒకసారి ఎకో చేయించడం మంచిది. ఆ పరీక్షలో కవాటంతో పాటు బృహద్ధమని వెడల్పు కూడా కొలవాలి. కవాటం చక్కగా పనిచేస్తున్నా ధమని గోడ బలహీనపడి ఉబ్బడం ఈ కుటుంబాల్లో ఉంటుంది.

ఈ రోగులు పిల్లల వైద్యుడి దగ్గర నుంచి పెద్దల వైద్యుడి దగ్గరికి మారే వయసులోనే చాలా సమాచారం జారిపోతుంది. "చిన్నప్పుడు గుండెకు ఆపరేషన్ అయింది" అన్న ఒక్క మాటతో ఇరవై ఏళ్ల యువతి కొత్త వైద్యుడి ముందు కూర్చుంటుంది. ఏ రంధ్రం మూశారో, ఏ కవాటాన్ని తెరిచారో, అతుకు ఎంత వెడల్పు వేశారో, కరొనరీ ధమని ఏ దారిన పోతోందో ఆమెకు తెలియదు. రేపు ఆమెకు గొట్టం ద్వారా పుపుస వాల్వు అమర్చాలంటే, లోపల దాన్ని విప్పేటప్పుడు పక్కనున్న కరొనరీ నొక్కుకుపోతుందా అన్నది ముందు బెలూన్‌తో పరీక్షించి చూస్తారు. ఆ ధమని దారి తప్పి ఉందని పాత శస్త్రచికిత్స నోటులో ఒక్క వాక్యం రాసి ఉంటే, ఆ గదిలోకి వెళ్లేముందే వైద్యులకు అది తెలుస్తుంది. ఆ నోటు ప్రతిని బిడ్డ పేరు మీద భద్రపరచి, పద్ధెనిమిదేళ్లు నిండాక ఆ బిడ్డ చేతికే అందించాలి.